చిక్కటి అడవికి చిన్న తుపాకీ

నవంబరు వచ్చిందంటే అమెరికా ఈశాన్యంలోని మేన్, వెర్మాంట్ రాష్ట్రాల్లోనూ, న్యూయార్క్ ఎగువన ఉన్న ఆడిరాండాక్ కొండల్లోనూ తెల్లతోక జింకల వేట జోరందుకుంటుంది. అక్కడి అడవి మహా చిక్కన. స్ప్రూస్, ఫర్ చెట్ల గుంపులు, కలప కొట్టేసిన చోట ఏపుగా లేచిన పిల్లచెట్లు, అడ్డంగా కూలిన మానులు, కాలు దిగబడే చిత్తడి పల్లాలు. యాభై గజాల అవతల ఏముందో తెలిస్తే గొప్పే. పడమటి మైదానాల్లో మూడు వందల గజాల దూరానికి గురిపెట్టే పొడుగాటి రైఫిలూ, దాని మీది పెద్ద టెలిస్కోపూ ఇక్కడ దండగ బరువు. అందుకే ఈ అడవుల వేటగాళ్లు నూరేళ్లకు పైగా పొట్టి తుపాకీనే నమ్ముకున్నారు.

మంచు పడ్డ ఉదయం పెద్ద మగజింక అడుగుజాడ దొరికితే, ఇక్కడి వేటగాడు పొద్దుగూకేదాకా దాని వెంటే నడుస్తాడు. రోజంతా తుపాకీ మోయాలి, అవసరం పడితే రెండు మూడు క్షణాల్లో భుజానికెత్తాలి. కాబట్టి ఇక్కడ తుపాకీని ముందుగా మోతను బట్టి, ఎత్తే వేగాన్ని బట్టి కొలుస్తారు. కొట్టే బలం ఆ తర్వాతి సంగతి.

ఈ కొలతకు సరిగ్గా తూగింది వించెస్టర్ 1894 మోడల్. దాన్ని రూపొందించినవాడు యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్. కార్బైన్ రకానికి బ్యారెల్ 20 అంగుళాలు, మొత్తం పొడవు 38 అంగుళాల లోపు, బరువు ఇంచుమించు మూడు కిలోలు. పక్కలు చదునుగా, మందం తక్కువగా ఉంటుంది. ట్రిగ్గర్‌కు కాస్త ముందు భాగాన్ని పిడికిట పడితే తుపాకీ అటూ ఇటూ ఒరగకుండా తూగుతుంది. రెండో చేయి కొమ్మలు తప్పించుకోవడానికి ఖాళీగా ఉంటుంది. కాల్చాక కింది లివర్‌ను ముందుకు తోసి వెనక్కి లాగితే చాలు, తుపాకీని భుజం మీంచి దించకుండానే రెండో తూటా సిద్ధం. ఈ మోడల్ డెబ్బై లక్షలకు పైగా తయారైందంటే ఆదరణ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

దీనికి 1895లో జత కుదిరిన తూటా .30-30. పొగరాని మందుతో అమెరికాలో వేటకోసం వచ్చిన తొలి తూటాల్లో ఇదొకటి. దాదాపు 11 గ్రాముల గుండును సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో పంపుతుంది. ఈనాటి లెక్కన అది పెద్ద వేగమేమీ కాదు గానీ, వంద గజాల లోపు జింకకు సరిపోతుంది. ఈ తుపాకీలో తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. గుండు మొన తేలి ఉంటే, కాల్చినప్పటి అదురుకి ముందున్న తూటా అడుగుభాగాన్ని పొడిచి పేల్చే ప్రమాదం ఉంది. అందుకే మొన చదునుగా ఉన్న గుండ్లు వాడతారు. బ్రౌనింగే రూపొందించిన 1895 మోడల్‌లో గొట్టం బదులు పెట్టె వచ్చింది, ఆ బెడద తీరింది. మన మామండూరు అడవుల వేటకథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది ఆ 1895 మోడలే, .405 తూటాతో. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అలాంటి వేటకు తెరపడింది.

లివర్ తుపాకుల్లో మరో పేరున్నది 1948లో వచ్చిన మార్లిన్ 336. ఖాళీ తూటాను పక్కకు విసురుతుంది కాబట్టి పైన టెలిస్కోపు బిగించుకోవడం తేలిక. వెర్మాంట్‌లో జాడ పట్టి వేటాడటంలో పేరుమోసిన లారీ బెన్వా కుటుంబం దారి వేరు. వాళ్లు రెమింగ్టన్ 760 పంపు కార్బైన్‌ను ఎంచుకున్నారు. ముందరి చేతిపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా మారుతుంది. దాని బ్యారెల్ 18.5 అంగుళాలే. జాడ పట్టే వేటగాళ్లలో చాలామంది తుపాకీకి పట్టీ కూడా తగిలించరు. పట్టీ ఉంటే కొమ్మలకు చిక్కుతుంది, పైగా తుపాకీ చేతిలోంచి భుజానికి జారుతుంది. జింక లేచేసరికి దాన్ని దించుకోవడానికే సమయం చాలదు.

గురి చూసే సాధనంలోనూ ఇదే పొదుపు. సన్న రంధ్రమున్న పీప్ సైటులోంచి చూస్తే కన్ను దానంతటదే నడిమధ్యకు చేరుతుంది. ముందరి గుబ్బను జింక మీద ఉంచితే చాలు. అడవిలో వెలుగు తక్కువ కనుక చాలామంది రంధ్రమున్న చిన్న బిళ్లను మరతిప్పి తీసేసి, వెనకున్న పెద్ద వలయంలోంచే చూస్తారు. టెలిస్కోపు కావాలనుకుంటే ఒకటి నుంచి నాలుగు రెట్లు చూపేది సరిపోతుంది. ముప్పై గజాల్లో ఉన్న జింకను తొమ్మిది రెట్లు పెంచి చూస్తే కనిపించేది జింక కాదు, గోధుమరంగు బొచ్చు.

కొనేముందు పాతకాపులు చేసే పరీక్ష ఒకటుంది. చలికాలం వేసుకునే దళసరి కోటు తొడుక్కుని, ఖాళీ తుపాకీతో ప్రమాదం లేని దిక్కుకు తిరిగి, కళ్లు మూసుకుని దాన్ని భుజానికెత్తాలి. చెంప ఆనించాక కళ్లు తెరిస్తే ముందు సైటూ వెనక సైటూ ఒకే వరసలో ఉండాలి. మెడ వంచో, చెంప జరిపో సర్దుకోవాల్సి వస్తే బట్ పొడవో ఎత్తో కుదరలేదన్నమాట. చొక్కాతో సరిపోయిన తుపాకీ కోటు మీద పొడవవుతుంది, చంకలో తట్టుకుంటుంది.

తేలికతనం ఊరికే రాదు. బరువు తగ్గేకొద్దీ భుజానికి తగిలే తన్ను పెరుగుతుంది. మూడు కిలోల తుపాకీలో .30-06 లాంటి బలమైన తూటా వాడితే ఆ దెబ్బకు వెరచి, ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసే అలవాటు పడుతుంది. బ్యారెల్ పొట్టిదైతే మోత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. గుండు వేగం కూడా కొంత తగ్గుతుంది, కానీ యాభై గజాల్లో ఆ లోటు తెలియదు. మరీ తేలికైన బ్యారెల్ నిలబడి గురిపెట్టినప్పుడు వణుకుతుంది. ముందువైపు కొద్దిగా బరువు ఉండటమే మంచిది.

బరువైన, నిదానంగా పోయే గుండు కొమ్మల్ని చీల్చుకుని తిన్నగా వెళుతుందనేది పాత నమ్మకం. పరీక్షించి చూస్తే చిన్న పుల్ల తగిలినా ఏ గుండైనా దారి తప్పవచ్చని తేలింది. పుల్ల వేటగాడికి ఎంత దగ్గరగా, జింకకు ఎంత దూరంగా ఉంటే గుండు అంత పక్కకు పోతుంది. పొట్టి తుపాకీ గొప్పతనం పొదల్లోంచి కొట్టడంలో లేదు, పొదల మధ్య సందు కనిపించినప్పుడు అందుకోవడంలో ఉంది.

అయితే చేతికి త్వరగా వచ్చే తుపాకీకి ఆచితూచి చూసే కన్ను తోడు కావాలి. 1988లో మేన్‌లోని హెర్మన్‌లో తన ఇంటి వెనకాల ఉన్న ఒక మహిళ వేటగాడి గుండుకు బలైంది. ఆమె చేతులకు తెల్లటి తొడుగులున్నాయి. ఆ వేటగాడు తాను జింకనే చూశానన్నాడు, జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలింది. ఆ తర్వాత మేన్ తన చట్టాన్ని బిగించింది. ఇప్పుడక్కడ జింక తలా మొండెమూ అడ్డులేకుండా కంటపడందే, అది జింకేనని రూఢి కానిదే ట్రిగ్గర్ నొక్కకూడదు. క్షణంలో ఎత్తగలిగే తుపాకీ, సరిగ్గా చూడటానికి వేటగాడికి మరో క్షణం మిగులుస్తుంది. ఆ క్షణాన్ని తొందరగా కాల్చడానికి వాడేవాడికి పొట్టి తుపాకీ ప్రమాదకరం. నిదానంగా పోల్చుకోవడానికి, అనుమానమొస్తే దించేయడానికి వాడేవాడి చేతిలోనే దానికి విలువ.