సీసా వారిది, ముక్కు మనది

మగవారి అలంకారం మీద మన సాహిత్యంలో విమర్శ పెద్దగా రాలేదు. ఆడవాళ్ల జడల మీద, చీరల మీద, బొట్టు మీద, ఆఖరికి నడక మీద కూడా కలం ఝళిపించిన పెద్దలు, ఆఫీసు వేళకి అద్దం ముందు నిలబడి అరచేతిలో సెంటు ఒంపుకునే గృహస్థుని మాత్రం ఎందుకో వదిలేశారు. రాసేవాళ్లలో ఎక్కువమంది ఆ గృహస్థులే కాబట్టి కాబోలు! ఆ లోటు కొంచెమైనా తీరుద్దామనే ఈ ప్రయత్నం.

నొక్కితే తుంపర చిమ్మే సీసా సంగతి కాదు నేను చెప్పేది. దానికో హద్దుంది. ఒక నొక్కుకి ఇంత అని లోపలి మరే కొలిచి ఇస్తుంది. నేను చెప్పేది మూత తిప్పగానే నోరు తెరుచుకునే గాజు సీసా సంగతి. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లూ, కొన్ని ఓడికొలోన్లూ ఈనాటికీ అలాంటి సీసాల్లోనే వస్తున్నాయి. దానికి కొలత లేదు. కొలత వాడేవాడి చేతిలో ఉండాలి. ఉప్పుకీ, పసుపుకీ, ఇంగువకీ చెంచా వెతుక్కోని చెయ్యి మనది. ఆ అందాజు మగవారి చేతికి ఇంకా అబ్బలేదన్నదే నా అభియోగం.

ఈ విద్యలో నాకు తెలిసి నాలుగు సంప్రదాయాలున్నాయి.

మొదటిది తీర్థ సంప్రదాయం. కుడి అరచేతిని గుంటలా పట్టి, ఎడమచేత్తో సీసా ఒంపుతారు. గుంట నిండితేగాని సీసా నిటారుగా లేవదు. సగం వేళ్ల సందుల్లోంచి నేల పాలవుతుంది, మిగిలిన సగం మెడ చేరుతుంది. రెండోది చెంపదెబ్బల సంప్రదాయం. ఒంపుకున్నదాన్ని రెండు చేతులకీ పులుముకుని చెంపలు ఫెడీ ఫెడీమని వాయించుకోవడం. వంటింట్లో ఉన్నవాళ్లకి ఇంట్లో ఎవరో ఎవర్నో కొడుతున్నారనిపిస్తుంది. మూడోది సంప్రోక్షణ. పుణ్యాహవాచనంలో పురోహితుడు మామిడాకుతో నీళ్లు చల్లినట్టు, సీసాని తలకిందులు చేసి చొక్కా మీద, బనీను మీద, పక్కనున్న మంచం మీద కూడా చిలకరించడం. నాలుగోది రుమాలు సంప్రదాయం. చేతిరుమాలు మడత మీద నాలుగు చుక్కలు వేసుకుని జేబులో పెట్టుకునే వృద్ధులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వారికి నా నమస్కారం. మిగిలిన మూడు సంప్రదాయాలవారితోనే నా పేచీ.

చాలా సీసాల మూతిలో సన్నని బెజ్జంతో చిన్న బిరడా ఒకటి బిగించి ఉంటుంది. చుక్క చుక్కగా రావాలనే దాన్ని పెట్టింది. అది పనికి అడ్డమనుకుని పిన్నీసుతో పెకలించి పారేసే మహానుభావులున్నారు. తయారుచేసినవాడు పాపం ఓ హద్దు గీసి పంపితే, దాన్ని కూడా గుమ్మంలోనే చెరిపేస్తారన్నమాట.

అయితే తప్పంతా మగవారిదేనంటే అన్యాయమవుతుంది. వారికి ఈ పాఠం చెప్పినవాళ్లున్నారు. కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

ఓడికొలోన్ అంటే ఫ్రెంచి భాషలో కొలోన్ నీళ్లని అర్థం. జర్మనీలోని కొలోన్ నగరంలో, ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం 1709లో వ్యాపారం మొదలుపెట్టింది. నిమ్మ, నారింజ, బెర్గమాట్ వంటి పళ్ల తొక్కల నూనెల్ని సారాయంలో కలిపి చేసిన పరిమళానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. చాలాకాలం అలాంటి నీళ్లని మందుగా లోపలికి కూడా పుచ్చుకునేవారు. 1810లో నెపోలియన్ ప్రభుత్వం మందుల రహస్య యోగాలు బయటపెట్టాలని శాసించేసరికి, యోగం దాచుకోదలచిన వర్తకులు ‘అబ్బే, ఇది మందు కాదు, ఒట్టి పరిమళం’ అని పక్కకి తప్పుకున్నారు.

మన ఇళ్లలో మాత్రం దానికి మందు హోదా చాలాకాలం పోలేదు. తలనొప్పి వస్తే, జ్వరం తగిలితే, గిన్నెడు నీళ్లలో నాలుగు చుక్కల ఓడికొలోన్ వేసి, పాత మెత్తని గుడ్డ తడిపి నుదుట వెయ్యడం మన తల్లుల కాలంలో ఇంటింటి వైద్యం. (పసిపిల్లలకి సారాయం పూతలు వద్దని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు, వినడం మంచిది.) గమనించండి, ఆ సీసాకి కూడా తుంపర మర లేదు. అయినా ఆ తల్లి చేతిలోంచి నాలుగు చుక్కలే పడేవి. సీసా అదే, చెయ్యి మారింది. తేడా అక్కడుంది.

ఇక మగవారి సీసా కథ. ఓల్డ్ స్పైస్ పేరు వినగానే గడ్డాలే గుర్తొస్తాయి కదా! అమెరికాలో 1937లో ఆ పేరుతో మొదట వచ్చింది ఆడవాళ్ల సరుకు. మగవారిది మరుసటి ఏడు, 1938లో వచ్చింది. మనది వాళ్లు తీసుకుని, ఇప్పుడు మనకే తలనొప్పి తెప్పిస్తున్నారన్నమాట. 1964లో బ్రూట్ వచ్చింది. 1970లలో బ్రిటన్‌లో హెన్రీ కూపర్ అనే పేరుమోసిన బాక్సింగ్ వీరుడు టెలివిజన్ ప్రకటనల్లో కనిపించి, దాన్ని ఒళ్లంతా జల్లుకోమని మగవారికి ఉపదేశించాడు. వర్తకుడి లెక్క మనకి అర్థంకానిదేమీ కాదు. చుక్కలతో సరిపెట్టుకుంటే సీసా ఏడాది వస్తుంది, దోసిళ్లు పడితే నెల తిరగదు.

మరి తుంపర మర అప్పటికి లేదా అంటే, ఉంది. అమెరికాలో టొలీడో అనే ఊళ్లో డివిల్బిస్ అనే డాక్టరు, రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి 1880లలో రబ్బరు బుడ్డి ఉన్న సాధనం తయారుచేశాడు. తరవాత అదే సెంటు సీసాలకెక్కి ఆడవాళ్ల అద్దం బల్ల చేరింది. అంతటితో అది నాజూకు వ్యవహారమైపోయింది. మగవాడన్నవాడు బుడ్డి నొక్కడు, సీసా ఒంపి చెంపలు వాయించుకుంటాడు! కొలతకి లొంగితే మగతనానికి కొరత అని ఎవరు చెప్పారో గాని, ఆ ప్రకటనలు చూసి పెరిగినవాళ్లు నమ్మేశారు.

వారి తరఫు వాదన కూడా విందాం. ఓడికొలోన్‌లో నూటికి సుమారు రెండు నుంచి అయిదు పాళ్లే పరిమళ ద్రవ్యం, తక్కినదంతా సారాయం, నీళ్లు. పైగా నిమ్మజాతి వాసనలు తొందరగా ఎగిరిపోతాయి. కాబట్టి ధారాళంగా వాడితే మాత్రం ఏం మునిగిందంటారు. ఒకనాటి ఓడికొలోన్ విషయంలో ఈ వాదన కొంతవరకు చెల్లుతుంది. కాని ఇవాళ మగవారి సెంటు దేనికైనా కొలోన్ అనే పేరు తగిలిస్తున్నారు. దాని పాళ్లు వేరు, పట్టుదల వేరు. పొద్దున్న పూసుకున్నది సాయంత్రం దాకా వదలదు.

పోనీ ఓడికొలోనే అనుకుందాం. సారాయమన్న సంగతి మరిచిపోకూడదు కదా. కత్తి గాట్ల మీద పడితే చుర్రుమంటుంది, పాలిష్ పెట్టిన బల్ల మీద ఒలికితే తెల్లటి మచ్చ దిగుతుంది. తడి చేతులతో దీపం కుందె దగ్గరికో, పొయ్యి దగ్గరికో వెళ్లడం మరీ ప్రమాదం, భగ్గున అంటుకుంటుంది. ఇంకొకటి, బెర్గమాట్ నూనెలో ఉండే ఒక పదార్థం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లటి చారలు పడతాయి. ఓడికొలోన్ వల్ల ఇలా జరుగుతుందని 1916లోనే వైద్యులు గుర్తించారు. మెడ మీద ధార ఎంత మేర కారితే మచ్చ అంత మేర పడుతుంది. ఇప్పుడు చాలామంది తయారీదార్లు ఆ పదార్థం తీసేసిన నూనె వాడుతున్నారు గాని, ఒలకబోసుకుని ఎండలోకి వెళ్లడం ఏనాటికీ తెలివైన పని కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ముక్కు సంగతి ఒక ఎత్తు. పోపు పెట్టినావిడకి పోపు ఘాటు తెలియదు, వీధిలోంచి వచ్చినవాడే తుమ్ముతాడు. సెంటూ అంతే. ఏ వాసనైనా కాసేపు వదలకుండా తగులుతుంటే మన ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది. అది ప్రకృతి ధర్మం. రాసుకున్న పావుగంటకే వాసన పోయిందనుకుని ఆయన మళ్లీ సీసా ఎత్తుతారు. నిజానికి పోయింది వాసన కాదు, ఆయనకి ఆ వాసన తెలియడం. రోజూ అదే వాడేవారికి మరీను. నిన్నటి చుక్కలు ఇవాళ చాలవు, ఇవాళ్టివి రేపటికి ఆనవు.

కవి తన పద్యం బాగోగులు తాను చెప్పలేనట్టే, సెంటు పూసుకున్నవాడు దాని పాళ్లు తాను చెప్పలేడు. ఇంకొకరి ముక్కు కావాలి. ఇంట్లో ఆ ముక్కు ఎవరిది? మనదే. కాని ‘ఏమండీ, కాస్త ఎక్కువైందేమో’ అని ఇల్లాలు అంటే, ‘నీకన్నీ ఎక్కువగానే ఉంటాయి’ అనో, ‘నీ ముక్కు మరీ సున్నితం’ అనో జవాబొస్తుంది. ఆ ఇంట్లో వేవిళ్లతో కడుపు తిప్పుకుంటున్న కోడలుండవచ్చు, ఘాటు తగిలితే ఆయాసం వచ్చే అత్తగారుండవచ్చు, బస్సులో ఆయన పక్క సీటు దొరికిన పరాయి ఆడమనిషి కిటికీ వైపు తిరిగి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవచ్చు. అదే మధ్యాహ్నం చారులో చిటికెడు ఉప్పు పెరిగితే ఆయన నాలుక ఎంత సున్నితమో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది! ఆయన నాలుక చెప్పినదాన్ని తీర్పుగా తీసుకుంటున్నాం. మన ముక్కు చెప్పినదాన్ని సణుగుడుగా తీసిపారేస్తున్నారు. నా బాధ సెంటు గురించి కన్నా దీని గురించే ఎక్కువ.

మన దేశంలో మగవారికి సెంటు పూసుకోవడం కొత్తా అంటే అదీ కాదు. హైదరాబాదు చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో అడిగితే చిన్న బుడ్డిలోంచి గాజు పుల్లతో ఓ బొట్టు మణికట్టు మీద రాసి చూపిస్తారు. పెద్దవాళ్లు దూది పింజకి అత్తరు అద్ది చెవి మడతలో పెట్టుకునేవారు. అంతే, రోజంతా అదే. ఇక పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డి మనందరికీ తెలిసిందే. పొడుగాటి మెడ, చివర సన్నని చిల్లులు. తుంపర మర మనకి ఏనాడో ఉంది! పైగా దాన్ని పట్టుకున్నవాళ్లు తమమీద చల్లుకోరు, వచ్చినవారిమీద చల్లుతారు. గంధమూ అంతే, ఎదుటివారికి పూస్తాం. పరిమళమంటే ఎదుటివాడికి చేసే మర్యాద అన్నది మన పద్ధతి. ఎదుటివాడు ముక్కు మూసుకున్నాక ఇంక మర్యాద ఎక్కడిది?

విమర్శకులు తప్పులు పడతారేగాని దారి చూపించరన్న మాట రాకుండా, పద్ధతి కూడా చెబుతాను. సీసా మూతికి వేలు అడ్డంపెట్టి ఒక్కసారి వంచితే వేలికి అంటినంత చాలు. చెవి వెనక ఒకసారి, మెడ మీద ఒకసారి, మణికట్టు మీద ఒకసారి. అరగదీసినట్టు రుద్దకుండా ఆరనివ్వాలి, రుద్దితే వేడికి త్వరగా ఎగిరిపోతుంది. చొక్కా ఆ తరవాతే. పట్టు కండువా మీద అసలే వద్దు, మరక పడితే వదలదు. చేయి చాచినంత దూరంలో ఉన్నవారికి లీలగా తెలిస్తే పాళ్లు కుదిరినట్టు. వీధి మలుపులో ఉన్నవారికి తెలిసిందంటే తప్పినట్టు. కుదిరిందో లేదో తేల్చేది మాత్రం పూసుకున్నవారు కాదు, గుమ్మం దాకా సాగనంపేవారు.

ఇదంతా మీవారికి చదివి వినిపించమని నేను చెప్పను, ఇల్లన్నాక సవాలక్ష ఉంటాయి. ముందు అద్దం దగ్గరికి వెళ్లి ఆ సీసా మూత తీసి చూడండి. సన్న బెజ్జం బిరడా ఇంకా ఉంటే మీరు అదృష్టవంతులు. ఊడబెరికి ఉంటే, ఆ పిన్నీసు ఎవరిదో కూడా ఒకసారి విచారించండి. చాలావరకు మన గాజుల్లోదే అయి ఉంటుంది.