యామన్‌పల్లి పేరు మోస్తున్న రాక్షసబల్లి

కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఒక్కసారి నోరారా పలికి చూడండి! 1988లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞుడు పి.యాదగిరి పెట్టిన పేరిది. మొదటి పదంలో ఎముకలు దొరికిన కోట రాతిపొరలు, రెండో పదంలో మన తెలంగాణ పల్లె. దొరికిన చోటు మొత్తం రెండు మాటల్లో ఇమిడిపోయింది. ఇంతకన్నా నిండైన పేరు ఇంకో డైనోసార్‌కు ఉందంటే నేనొప్పుకోను.

ఈ నామకరణం బారసాల కన్నా కష్టం. మొదటి పదం ప్రజాతి, రెండోది జాతి. ఊరి పేరైతే చివర 'ఎన్సిస్' చేరుతుంది, మగవారి పేరైతే 'ఐ', ఆడవారి పేరైతే 'ఏ'. పేరుకు ఆధారమైన నమూనా ఎముకను ఎవరైనా వచ్చి చూసుకునేలా భద్రపరచాలి. మిగతా జాతులతో దానికున్న తేడా ఏమిటో అచ్చులో చెప్పాలి. ఒకే జంతువుకు ఇద్దరు పేర్లు పెడితే సాధారణంగా ముందు పెట్టినదే చెల్లుతుంది. పైగా ఆ ప్రజాతి పేరు మరే జంతువుకూ ఉండకూడదు.

ఈ చివరి నియమం దగ్గరే శిలాజ శాస్త్రజ్ఞుడు శంకర్ ఛటర్జీ అంతటివాడికి చిక్కొచ్చింది. మలేరి రాతిపొరల్లో దొరికిన చిన్న డైనోసార్‌కు 1987లో ఆయన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అలిక్ వాకర్ పేరిట 'వాకేరియా' అని పెట్టారు. తీరా చూస్తే బ్రయోజోవా అనే నీటిజీవుల్లో ఒకదానికి ఆ పేరు ఎప్పుడో ఉంది. 1994లో బెన్ క్రీస్లర్‌తో కలిసి, అలిక్‌లోని 'అల్' తెచ్చి ముందు తగిలించి 'అల్వాకేరియా' చేశారు. గౌరవం చెడలేదు, నియమం తప్పలేదు. పనితనమంటే అదీ!

బరపాసారస్ టాగోరై సంగతి వేరు. మన ప్రాణహిత-గోదావరి లోయ ఎముకలకు బెంగాలీ పేరు! 'బరపా' అంటే పెద్ద కాలు. తవ్వకం మొదలైన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో రెండో పదం ఆయనకు దక్కింది. కవికి దక్కింది గనుక ఊరుకుంటున్నాను.

ఊరుకోలేనిది చవకబారు పేర్ల విషయంలోనే. 2006లో హ్యారీ పోటర్ బడి పేరు తగిలించి ఒక డైనోసార్ పుర్రెకు 'డ్రాకోరెక్స్ హాగ్వార్ట్సియా' అన్నారు. అది కొత్త జంతువేమీ కాదు, పాకిసెఫలోసారస్ పిల్లేనని చాలామంది శాస్త్రజ్ఞుల మాట. చేతికందిన ముక్కకల్లా పేరు పెట్టేయడం పాతరోగమే. జబల్‌పుర్ తోకపూసల మీద 1877లో శాస్త్రజ్ఞుడు లిడెక్కర్ నిలబెట్టిన 'టైటనోసారస్ ఇండికస్' వేరే జాతి అనడానికి ఆ పూసలు చాలవని 2003లో తేల్చేశారు.

అన్నిటికన్నా బాధ పెట్టేది బృహత్కాయోసారస్. ఇదీ యాదగిరి, మరో శాస్త్రజ్ఞుడు అయ్యాసామితో కలిసి పెట్టిన పేరే. తమిళనాడులోని కల్లమేడులో దొరికిన ఆ భారీ ఎముకలు పొడిపొడిగా రాలిపోయాయి. బొమ్మలూ కొలతలే మిగిలాయి. అంత గొప్ప పేరు, చూపించడానికి ఎముక లేదు!

2011లో జక్లపల్లిసారస్, నంబాలియా వచ్చాయి. 2025లో శాస్త్రజ్ఞుడు టి.ఎస్.కుట్టి గౌరవార్థం మలేరిరాప్టర్ కుట్టియై వచ్చింది. అన్నీ మన నేలవే. మన పిల్లలకు మాత్రం టీ-రెక్స్ ఒక్కటే నోటికొస్తుంది. అమ్మానాన్నలూ, ఈ సెలవుల్లో వాళ్లను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లండి. కోటాసారస్ అస్థిపంజరం చూపించి, పేరులో రెండో పదం కూడా పలికించండి.