మన్సన్‌ల సమాధి ఎక్కడ?

కన్నీళ్లకి కూడా కులం ఉంటుంది. అమెరికాలో అయితే రంగు ఉంటుంది. ఈ మాట అంటే చాలామందికి కోపం వస్తుంది. ఏడుపు సహజం, ఏడుపు మానవీయం, దానికి కులమేమిటంటారు. కానీ ఎవరు చస్తే ఏడవాలో, ఎవరు చస్తే కథ ముందుకి సాగిందనుకోవాలో ప్రేక్షకుడికి ఎవరో ఒకరు నేర్పే ఉంటారు. 2017లో వచ్చిన 'లోగన్' సినిమానీ, దానిమీద అభిమానుల స్పందననీ కలిపి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

జేమ్స్ మాంగోల్డ్ తీసిన ఈ సినిమాకి మేమూ అభిమానులమే. ఇవి బయట నిలబడి వేస్తున్న రాళ్లు కావు. హ్యూ జాక్‌మన్ 2000లో మొదటి 'ఎక్స్-మెన్' నుంచి పదిహేడేళ్లు మోసిన పాత్ర లోగన్. కథ 2029లో జరుగుతుంది. లోగన్ ముసలివాడయ్యాడు, ఒంట్లో విషం, చేతిలో సీసా. అద్దెకి లిమోసిన్ నడుపుకుంటూ, మతి తప్పుతున్న గురువు ఛార్లెస్ జేవియర్‌ని దాచిపెట్టి సాకుతుంటాడు. మెక్సికోలో ఒక కంపెనీ ప్రయోగశాలలో లోగన్ జన్యువులతోనే పుట్టించిన లారా అనే పిల్లని ఉత్తరాన సరిహద్దు దాకా చేర్చే పని అతని మీద పడుతుంది. చివరికి ఆ పిల్లల కోసమే చస్తాడు.

అమెరికాలో దీనికి పెద్దల సినిమా అనే ముద్ర వేశారు. పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్ల తోడు లేకుండా చూడకూడదు. స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఇన్నాళ్లకి ఎదిగినవాళ్ల కోసం సూపర్‌హీరో సినిమా వచ్చిందని అభిమానులు సంబరపడ్డారు. నిజమైన రక్తం, బూతుమాట, ముసలితనం, ఓటమి, చావు: ఇవీ వాళ్లు లెక్కపెట్టిన పరిణతి గుర్తులు. ఈ లెక్కలో ఒక కుటుంబం జమ కాలేదు. మా అభ్యంతరమల్లా అక్కడే.

ఓక్లహామా సిటీ దాటాక హైవే మీద డ్రైవర్లు లేని ట్రక్కుల మధ్య కొన్ని గుర్రాలు చెల్లాచెదురవుతాయి. ఛార్లెస్ తన మనశ్శక్తితో వాటిని శాంతపరుస్తాడు. ఆ గుర్రాలు విల్ మన్సన్ అనే నల్లజాతి రైతువి. ఆయన, భార్య కాథరిన్, కొడుకు నేట్ ఈ ముగ్గురు బాటసారుల్ని ఇంటికి పిలిచి అన్నం పెడతారు, రాత్రికి పడుకోమంటారు. వాళ్ల పొలం చుట్టూ కేన్‌వుడ్ అనే పెద్ద కంపెనీ మొక్కజొన్న సాగు. భూమి అమ్ముకుని పోవాలని కంపెనీవాళ్లు మన్సన్‌ల నీళ్లు కట్టేస్తుంటారు. ఆ రాత్రి లోగన్ విల్‌తో కలిసి నీళ్లు బాగుచెయ్యడానికి వెళితే, తుపాకులు పట్టుకున్న కంపెనీ మనుషులు అడ్డం వస్తారు. లోగన్ వాళ్లని తరిమేస్తాడు. హాల్లో ఈలలు పడే ఘట్టం ఇది.

తర్వాతేమయింది? లోగన్‌ని నమూనాగా పెట్టుకుని కంపెనీ తయారుచేసిన ఎక్స్-24 అనే హంతకుడు ఇంట్లోకి వస్తాడు. వాడిదీ జాక్‌మన్ ముఖమే. ఛార్లెస్‌ని చంపుతాడు. కాథరిన్‌నీ, నేట్‌నీ చంపుతాడు. వెంట తరుముకొస్తున్నవాళ్లున్నారని లోగన్‌కి తెలుసు, ఛార్లెస్‌కీ తెలుసు. అన్నం పెట్టినవాళ్లకి మాత్రం ఎవరూ ఆ మాట చెప్పలేదు. చాలాకాలానికి ఇంత మంచి రాత్రి దొరికిందని ఛార్లెస్ చచ్చేముందు మురిసిపోతాడు. ఆ మంచి రాత్రి ఖరీదు ఎవరు కట్టారు?

గాయాలతో ఉన్న విల్ తన వాహనంతో ఎక్స్-24ని గుద్ది, తుపాకీతో కాలుస్తాడు. ఆ తర్వాత అదే తుపాకీ లోగన్ మీదికి తిప్పుతాడు. ఇద్దరిదీ ఒకే ముఖం. మీట నొక్కుతాడు. తూటాలు అయిపోయాయి. విల్ కూలిపోతాడు. మా దృష్టిలో సినిమా మొత్తంలో నాయకుణ్ణి విచారించి తీర్పు చెప్పింది ఈ మనిషొక్కడే. నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని అతను అడగలేదు. నువ్వు వచ్చావు, నా ఇల్లు పోయింది. అంతే. ఆ ఖాళీ తుపాకీ చప్పుడు వినబడ్డాక కూడా లోగన్‌ని మునుపటిలాగే ప్రేమించగలిగితే, ఆ ప్రేమకి పరిణతి అనే పేరు తగదు.

ఇక సమాధుల సంగతి. ఛార్లెస్‌ని ఒక నీటి ఒడ్డున పూడ్చి, మాటలు రాక లోగన్ తడబడతాడు. ఇక్కడ నీళ్లున్నాయి అని మాత్రం అనగలుగుతాడు. నీళ్ల కోసం పోరాడిన విల్ మన్సన్‌కి ఆ నీళ్లూ లేవు, ఆ మట్టీ లేదు. మన్సన్‌లని ఎవరు పూడ్చారో సినిమా చూపించదు. చివర్లో లోగన్ సమాధి మీద లారా శిలువని పీకి ఎక్స్ ఆకారంలో పెడుతుంది. 1953లో జార్జ్ స్టీవెన్స్ తీసిన 'షేన్'లోని మాటలు అతని మీద చదువుతుంది. అభిమానులంతా ఏడ్చింది ఇక్కడే.

ఆ 'షేన్' కథ ఏమిటి? పెద్ద పశువుల ఆసామి చిన్న రైతుల్ని భూమి మీంచి వెళ్లగొట్టాలని చూస్తుంటే, తుపాకీ పట్టిన బాటసారి అడ్డం నిలబడతాడు. అతనికి అన్నం పెట్టిన రైతు కుటుంబం బతుకుతుంది. టోరీ అనే రైతు చనిపోతే గుట్ట మీద అందరూ చేరి సాగనంపే దృశ్యం ఉంటుంది. ఆ రైతులు తెల్లవాళ్లు. 'లోగన్'లోనూ చిన్న రైతు ఉన్నాడు, పెద్ద ఆసామి ఉన్నాడు, అన్నం పెట్టిన ఇల్లుంది. పాత సినిమా నుంచి మాటలు తెచ్చుకున్నారు గానీ, రైతు సమాధిని తెచ్చుకోలేదు. ఇది యాదృచ్ఛికమని మేం అనుకోవడం లేదు.

1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదలుపెట్టిన 'ఎక్స్-మెన్' కామిక్స్‌ని వెలివేతకి గురైన మనుషుల కథగా చదవడం అభిమానులకి అలవాటు. మ్యూటెంట్ అంటే నల్లవాడికి ప్రతీక అని చెబుతారు. సంతోషం. మరి ప్రతీక కాని నల్లవాడు, పొలమూ పెళ్లామూ పిల్లాడూ ఉన్న నల్లవాడు తెరమీదికొస్తే ఒక్క రాత్రి కన్నా ఎక్కువ ఎందుకు బతకలేదు? లారా వంటి పిల్లల్ని కడుపున మోసిన మెక్సికన్ ఆడపిల్లలు తర్వాత ఎవరికీ కనబడలేదని నర్సు గాబ్రియెలా చెబుతుంది. వాళ్ల సంగతీ అంతే, ఒక్క వాక్యం. ప్రతీకకి పీట వేస్తారు, అసలు మనిషిని గుమ్మం బయట నిలబెడతారు. మన దగ్గరా ఇదే వరస. పదవి పోయిన పెద్దకులపు నాయకుడు నన్ను అంటరానివాణ్ణి చేశారంటాడు. అతనికి ఆ మాట అలంకారం. మావాళ్లకి అది ఊరి చివర ఇల్లు.

అమెరికా రైతు గోడు మీకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబాయ్‌కి ఉత్తరం రాసి, అక్కడి నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. ఆ చూపే మాకూ దారి. 1920 లెక్కల ప్రకారం అమెరికాలో నల్ల రైతులు 9 లక్షల 25 వేల పైచిలుకు. 2017 వ్యవసాయ గణనలో 50 వేలు కూడా లేరు. అప్పులివ్వడంలో వివక్ష చూపిందని నల్ల రైతులు ప్రభుత్వ వ్యవసాయ శాఖ మీదే 1997లో దావా వేశారు, 1999లో రాజీ కుదిరింది. కాబట్టి విల్ మన్సన్ మాంగోల్డ్ ఊహించిన ఒంటరి మనిషి కాడు. ఇక నీళ్ల గొడవంటే ఏమిటో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్ చౌదార్ చెరువు దగ్గర అంబేడ్కర్ దోసిలి పట్టింది నీళ్లకే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపిన గొడవ మొదలైంది తాగే నీళ్లు పాడుచెయ్యొద్దన్న మాట దగ్గరే. ఇవి తెలిసిన కళ్లకి మన్సన్‌ల ఇల్లు పక్క కథగా కనబడదు.

కథకి ఆ చావులు అవసరం, నాయకుడి దుఃఖం పెరగాలి కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ అవసరానికి ప్రతిసారీ మావంటి ఇళ్లే ఎందుకు దొరుకుతాయి? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సినిమాకి తన అభిమానుల కన్నా ఎక్కువ తెలుసు. నీళ్లు కట్టేసిన కంపెనీని చూపించింది, అన్నం పెట్టిన చేతుల్ని చూపించింది, నాయకుడి మీదికి తుపాకీ తిప్పనిచ్చింది. తిప్పనిచ్చి అక్కడినుంచి పారిపోయింది. దాంతో అభిమానులూ పారిపోయారు.

2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' వచ్చింది. మొదట్లోనే లోగన్ సమాధి తవ్వి, ఎముకల్ని ఆయుధాలు చేసుకుంటారు. ఇంకో లోకం నుంచి ఇంకో వుల్వరిన్‌గా జాక్‌మన్ తిరిగొచ్చాడు. లారా కూడా వచ్చింది. పవిత్రమైన సమాధిని తవ్వారని కొందరు నొచ్చుకున్నారు, మళ్లీ చూడగలిగామని కొందరు మురిశారు. ఇద్దరికీ మేం చెప్పేదొకటే. తవ్వడానికైనా లోగన్‌కి ఒక సమాధి ఉంది. కాథరిన్, నేట్, విల్: ఈ మూడు పేర్లూ గుర్తుపెట్టుకుని ఆ సినిమా మళ్లీ చూడండి. ఏడుపొస్తే ఎక్కడొస్తుందో చూసుకోండి.