తెల్ల అడవి, పచ్చ అడవి

తమిళనాడులోని రాజపాళయం దగ్గర కొండల అడుగున గుడారాలు వేసి పిల్లలకు దారి కనుక్కోవడం నేర్పాలంటే, ముందు తేల్చుకోవాల్సింది వాళ్ల చేతికి ఏ పటం ఇవ్వాలన్నది. నా బల్ల మీద రెండున్నాయి. ఒకటి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, 58జి వరసలోది. రాజపాళయమూ దాని పడమటి కనుమలూ ఆ వరసలోకే వస్తాయి. రెండోది స్వీడన్‌లో ఓరియంటీరింగ్ పందెం కోసం, అంటే పటమూ దిక్సూచీ పట్టుకుని దారి కనుక్కుంటూ పరిగెత్తే ఆట కోసం, గీసింది.

పక్కపక్కన పరిస్తే మొదట కంటికి తగిలేది రంగు. మన షీటులో అడవి పచ్చన. పందెం పటంలో అడవి తెల్లన! చెట్ల మధ్య ఆగకుండా పరిగెత్తగలిగితే తెలుపు, పొదలు అడ్డొచ్చి కాలు మందగించేచోట లేతపచ్చ, దూరడమే గగనమైతే ముదురుపచ్చ, చెట్లు లేని బయలు పసుపు. మొదటి పటం అక్కడ ఏముందో చెబుతుంది. రెండోది అక్కడికి వెళ్తే నీ కాళ్లకు ఏమవుతుందో చెబుతుంది.

ఈ తేడా పుట్టుకలోనే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో పుట్టింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి త్రికోణాల గొలుసు మొదలుపెట్టాడు. దేశాన్ని కొలిచి, పన్ను వేసి, సైన్యాన్ని నడిపించాల్సినవాళ్ల అవసరం అది. వాళ్లకు కొండ ఎంత ఎత్తో, ఊరు ఎక్కడుందో తెలిస్తే చాలు. ఓరియంటీరింగ్ కూడా సైన్యం నుంచి వచ్చినదే అయినా దాని దారి మారింది. 1897లో నార్వేలో జనం పాల్గొన్న తొలి పందెం జరిగింది. పరుగు పందేల మీద కుర్రాళ్లకు మోజు తగ్గుతోందని గమనించిన స్వీడన్ స్కౌట్ నాయకుడు ఎర్న్‌స్ట్ కిలాండర్, 1919లో స్టాక్‌హోం దగ్గర పెద్ద పందెం పెట్టి పటాన్నీ దిక్సూచినీ వాళ్ల చేతిలో పెట్టాడు. పరిగెత్తే మనిషి కోసం పటం గీయడం ఆ తర్వాతే నిలదొక్కుకుంది. 1961లో పది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి.

ఇక అసలు పరీక్ష, కొలత. టోపోషీటులో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. నా దగ్గరున్న పందెం పటంలో అదే సెంటీమీటరు 100 మీటర్లు. టోపోషీటులో సమోన్నతి రేఖల మధ్య 20 మీటర్ల ఎడం, పందెం పటంలో 5 మీటర్లు. ఇల్లంత బండ, 15 మీటర్ల నిట్టనిలువు చరియ మన షీటులోని రెండు రేఖల మధ్య కనపడకుండా దాక్కోగలవు. పందెం పటంలో ఒంటరి బండకు కూడా ఒక నల్లచుక్క ఉంటుంది.

కాలేజీ రోజుల్లో ఒక ఎన్.సి.సి. శిబిరంలో నాకు ఇది అనుభవమైంది. ఎన్.సి.సి. పాఠంలో ఆరంకెల గ్రిడ్ రిఫరెన్స్ చెప్పడం ముఖ్యం. ఆ ఆరు అంకెలు 100 మీటర్ల చదరాన్ని చూపిస్తాయి. బల్ల మీద షీటు పరిచి, ప్రొట్రాక్టరు పెట్టి నేను గుడారాల చోటు సరిగ్గా చెప్పాను, మార్కులూ పడ్డాయి. ఆ సాయంత్రం నీళ్లకు వెళ్లి వస్తూ వాగు రెండు పాయలయ్యేచోట నిలబడిపోయాను. గుడారాలు కేకవేస్తే వినపడే దూరంలోనే ఉన్నాయి. ఏ పాయ పట్టుకోవాలో మాత్రం తెలియలేదు. పరీక్షలో నేను నెగ్గిన 100 మీటర్ల చదరంలోనే దారి తప్పాను. మోకాళ్ల దాకా చల్లటి నీళ్లలో నిలబడి, పొగ వాసన ఎటునుంచి వస్తోందో పసిగట్టి బయటపడ్డాను. ఆ చదరం లోపల ఏముందో చెప్పే పటమే పందెం పటం.

అందుకే దానితో శిక్షణ తీరే వేరు. పటాన్ని మడిచి, తానున్నచోట బొటనవేలు ఆనించి, నడిచేకొద్దీ వేలు జరుపుకుంటూ పోవాలి. దిశ మారినప్పుడల్లా పటం ఉత్తరానికి తిప్పుకోవాలి. అడుగుల జంటలు లెక్కపెట్టాలి. గమ్యం కంటే ముందు, తప్పకుండా గుర్తుపట్టగల ఒక వాగు వంపునో బండనో పట్టుకోవాలి. అక్కడినుంచి వెళ్లాక గమ్యం దగ్గర 30 సెంటీమీటర్ల తెలుపు-నారింజ జెండా కనపడితే సరిగ్గా వచ్చినట్టు, లేకపోతే మనం తప్పామని వెంటనే తెలిసిపోతుంది. పిల్లలకు ఇంతకంటే నిజాయితీ గల గురువు దొరకడు. పందేన్ని మాత్రం చివరి రోజుకే ఉంచాలి. గడియారం మొదటి రోజే నడిస్తే పిల్లలు పటం మాని ముందువాడి వీపు చూస్తూ పరిగెడతారు.

ఇంత మెచ్చుకున్నా, పందెం పటంలో ఒక లోటు నన్ను గట్టిగా బాధిస్తుంది. అందులో పేర్లు దాదాపు ఉండవు. పరిగెత్తేవాడికి పేరు అక్కరలేదు కదా అని వదిలేస్తారు. మన టోపోషీటు ఇక్కడ ఎన్నో రెట్లు మేలు. దాని మీద 'మలై', 'ఓడై', 'ఆఱు' అన్న తమిళ మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో అయినా నిలిచి ఉన్నాయి. సర్వేయరు ఎవరినో అడిగి రాసుకున్న పేర్లవి. మనం వాగు అన్నదాన్ని పక్కింట్లో ఓడై అనే ఊళ్లో, ఇంట్లో తెలుగూ బయట తమిళమూ మాట్లాడే పిల్లలకు ఆ పేర్లే సగం చదువు. పేరు తెలియని కొండ మీద వందసార్లు పరిగెత్తినా అది మైదానంతో సమానమే.

ఇంకో తేడా పటాల మీద కనపడదు. స్వీడన్‌లో అడవిలో ఎవరైనా నడవచ్చు, అది వాళ్ల సంప్రదాయ హక్కు. బాట వదిలి తిరిగే ఈ ఆట అక్కడ వేళ్లూనడానికి అదొక కారణం. మన పడమటి కొండలు అలా కావు. బూడిదరంగు బెట్టుడుతల కోసం 1988లో అభయారణ్యమైన శ్రీవిల్లిపుత్తూరు అడవి, 2021లో మేఘమలైతో కలిసి పులుల అభయారణ్యమైంది. ఏనుగులు తిరిగేచోట బాట వదిలి పరిగెత్తించడం ఎంత అందమైన పటం ఉన్నా తప్పే. ఆ లోపలి దారులు తెలిసిన పళియర్ తెగవాళ్లు పటం లేకుండానే కొండచరియల తేనెపట్ల దాకా వెళ్తారు. ఎవరు కొలిచినా ఆ తెలివి కాగితం మీదికి రాలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. నేలను చదవడం నేర్పడంలో పందెం పటానిదే పైచేయి, నేలతో చుట్టరికం కలపడంలో టోపోషీటుది. రాజపాళయంలో శిబిరం పెట్టేవాళ్లకు ఒక విన్నపం. అయ్యనార్ కోవిల వైపు అడవిలోకి జెండాలు తీసుకెళ్లకండి. ఊరికి తూర్పునున్న సంజీవి కొండ దిగువన, అనుమతి ఉన్నంత మేర, పిల్లలచేతే 10,000కు ఒకటి కొలతలో పటం గీయించండి. ప్రతి బండకూ ప్రతి వాగుకూ ఊరి పెద్దలు చెప్పే పేరు తమిళంలోనూ తెలుగులోనూ దాని మీద రాయించండి. పందెం ఆ తర్వాత పెట్టండి.