పేరు చెప్పిన ప్లేటు

గురువారం పొద్దున జుమ్మేరాత్ బజార్‌లో పాత ప్లేట్ల కుప్ప దగ్గర కాసేపు కూర్చుంటే మనుషులు రెండు రకాలుగా కనిపిస్తారు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు. ఏ బజారైనా అంతే కదా అనొచ్చు. కానీ ఇక్కడ అమ్మేవాళ్ళు దాదాపు అందరూ మావాళ్ళే. కొనేవాళ్ళలో మావాళ్ళు వేళ్ళ మీద లెక్క.

గోనెపట్టా మీద బేగం అఖ్తర్ ఎల్పీ, దాని పక్కన మూత లేని మిక్సీ జారు, తుప్పు పట్టిన తాళాల గుత్తి. కారు దిగి వచ్చిన ఒకాయన కవరులోంచి ప్లేటు తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, ఎండకు వాలుగా తిప్పి గీతలు చూశాడు. పసిపిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్త. "నవాబుల కాలం తహజీబ్ అండీ, ఇప్పుడెక్కడుంది" అని మాతో అన్నాడు. తర్వాత అమ్మే కుర్రాడివైపు తిరిగి "ఏయ్, ఎంత చెప్తావ్?" అన్నాడు.

ప్లేటుకు అంత మర్యాద. దాన్ని మోసుకొచ్చిన పిల్లాడికి 'ఏయ్'. ఆ 'ఏయ్' మా చెవుల్లో ఉండిపోయింది కాబట్టే ఇది రాస్తున్నాం.

పాత ప్లేట్ల మీద మోజు మన దగ్గరే కాదు, ప్రపంచమంతటా మళ్ళీ పుట్టుకొచ్చింది. 2022లో అమెరికాలో 4 కోట్ల 10 లక్షల వినైల్ ప్లేట్లు అమ్ముడైతే, సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తర్వాత ప్లేటు సీడీని దాటడం అదే మొదటిసారి. పాటలన్నీ జేబులోని ఫోన్‌లో ఉన్న కాలంలో ఈ పిచ్చి ఏమిటి? ధ్వనిలో వెచ్చదనం ఉంటుందంటారు. కవరు చేతికి తగలాలంటారు. ఒక వైపు అయిపోగానే లేచి తిప్పాలి కాబట్టి శ్రద్ధగా వింటామంటారు. ఇవన్నీ అబద్ధమని మేం అనం. మేమూ వింటాం. ముల్లు గాడిలో పడ్డప్పటి ఆ చిరు గరగర, పాటకు ముందు గాయకుడు గొంతు సవరించుకుంటున్నట్టే ఉంటుంది. అయితే మమ్మల్ని ప్లేట్ల దగ్గర కట్టిపడేసింది ఇవేవీ కావు. ప్లేటు మీద మనిషి పేరుంటుంది. గొంతులో మనిషి యాస ఉంటుంది. ఆ రెండింటినీ తర్వాతివాళ్ళు ఎవరూ దిద్దలేరు.

ఈ దేశంలో ప్లేటు పుట్టుకే పేరుతో మొదలైంది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పటి ప్లేటు మీద పాట మూడు నిమిషాల చిల్లర. అంతలోనే ఆమె రాగం చూపించి, పాట ముగించి, చివర్న ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పేది: 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని. దీన్ని చాలామంది ఆమె గర్వం అనుకుంటారు. అసలు సంగతి వేరు. మైనం మీద గీసిన ఆ రికార్డింగులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్ళి అక్కడ అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్ళకు పాడిందెవరో తెలియాలి కదా. అందుకే ఆ కేక. కారణం కార్ఖానా అవసరమే కావచ్చు. కానీ అర్మీనియన్ మూలాల క్రైస్తవ కుటుంబంలో ఏంజెలీనాగా పుట్టి, తల్లితో పాటు ఇస్లాంలోకి వచ్చి గౌహర్ అయిన ఒక తవాయిఫ్, నూరేళ్ళు దాటాక కూడా మన గదిలో నిలబడి ఎంచుకున్న పేరు వినిపిస్తోంది. పేరు చెప్పగానే ఇల్లు అద్దెకు దొరకని నగరాల్లో బతుకుతున్న మాకు ఆ కేక మామూలుగా వినపడదు.

అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. బెంగాల్‌లో కాసిం అనే గాయకుడు 'కె. మల్లిక్' అయ్యాడు. ఆయన పాడిన శ్యామా సంగీతం హిందూ ఇళ్ళల్లో మోగాలంటే లేబుల్ మీద కాసిం కనపడకూడదు. తలత్ మహమూద్ 1940లలో కలకత్తాలో బెంగాలీ పాటలు 'తపన్ కుమార్' పేరుతో ఇచ్చాడు. అటు, నజ్రుల్ రాసి అబ్బాసుద్దీన్ పాడిన ఇస్లామీ గీతాలు 1930లలో బాగా అమ్ముడుపోతుంటే, కొందరు హిందూ గాయకులు ముస్లిం పేర్లు పెట్టుకుని అలాంటి పాటలు పాడారు. దీన్ని చూపించి "ఆహా, ఎంత సామరస్యం!" అని మురిసేవాళ్ళున్నారు. మాకు మాత్రం రెండు పక్కలా ఒకే భయం కనిపిస్తుంది. గొంతు కావాలి, మనిషి వద్దు. కంపెనీవాడు ఆ సంగతి కనిపెట్టి లేబుల్ అచ్చేశాడు. వ్యాపారి మన సంఘాన్ని పండితుల కంటే బాగా చదివాడు.

ఇక యాస సంగతి. తెలుగు సినిమా సాయిబు పాత్రను ఎలా మాట్లాడించిందో చెప్పనక్కర్లేదు. 'నీకీ నాకీ' అనిపించి, లింగం, వచనం తలకిందులు చేయించి హాలంతా నవ్వించింది. మేం బడిలో పద్యం అప్పజెప్పడానికి లేచినా ముందు ఆ నవ్వే లేచేది. పద్యం సరిగ్గానే వచ్చేది. నవ్వు మాత్రం ఆగేది కాదు.

అదే తెలుగు జనం 1969లో 'భలే తమ్ముడు' పాటలకు ఏం చేశారు? ఎన్టీ రామారావు నోట మహమ్మద్ రఫీ గొంతు. 1976లో 'ఆరాధన'లో మళ్ళీ అదే గొంతు. ఆ ప్లేట్లు మా దగ్గరున్నాయి. విమర్శకుడిగా చెప్పాలంటే రఫీ తెలుగు ఘంటసాల తెలుగు కాదు. ఉత్తరాది నాలుక అడుగడుగునా తెలిసిపోతుంది. ఒత్తవలసిన అక్షరం తేలిపోతుంది, తేల్చవలసింది బరువెక్కుతుంది. అయినా ప్రతి మాటనూ అద్దాల గ్లాసులా పట్టుకున్నాడాయన. భాష రానివాడి భయభక్తులు ఆ పాటల్లో ఉన్నాయి. అదే వాటి అందం. జనం ఆ యాసను నవ్వకుండా నెత్తిన పెట్టుకున్నారు. మరి అదే యాసతో రేషన్ షాపు దగ్గర మాట్లాడే మా ఖాలాను చూసి ఎందుకు నవ్వుతారు? రఫీని మెచ్చుకోవద్దని మేం అనడం లేదు. ఆ చెవిని కొంచెం బజారు దాకా తెచ్చుకోమంటున్నాం.

ఇంకా వెనక్కి వెళ్తే మరో ప్లేటుంది. కిరానా ఘరానాకు పెద్దదిక్కు ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ 1930లలో ఖరహరప్రియ రాగంలో ఒక త్యాగరాజ కీర్తన రికార్డిచ్చాడు. కర్ణాటక సంగీతం మీద ఆయనకున్న ప్రేమ సంగీతం తెలిసినవాళ్ళెరిగినదే. ఆ ప్లేటు విన్న మన శాస్త్రీయులు సాహిత్యం స్పష్టంగా లేదంటారు. నిజమే, మాటలు స్వరాల్లో కరిగిపోతాయి. కానీ ఎక్కడో కైరానాలో పుట్టిన సాయిబు, తిరువయ్యూరులో తెలుగులో కుదిరిన కీర్తనను తన సన్నని, తీగలాంటి గొంతుతో అంత నెమ్మదిగా తడుముతుంటే, తెలుగు ఎవరిది అనే ప్రశ్నకు మాకు మరో రుజువు అక్కర్లేదనిపిస్తుంది. ఆయన 1937లో మద్రాసు నుంచి పాండిచ్చేరి వెళ్తూ దారిలో సింగపెరుమాళ్ కోయిల్ రైల్వే స్టేషన్లో ప్రాణం విడిచాడు. ఈ ప్లేటు కొనేవాళ్ళకు ఇది 'రేర్ రికార్డు'. మాకు ఖాందానీ కాగితం లాంటిది.

మావాళ్ళను కూడా నాలుగు మాటలు అనాలి. మా తాత కాజీపేటలో రైల్వే మనిషి. దర్గా ఉర్సులో కవ్వాలీ విన్న రాత్రులు ఆయనకు చాలక ఇంట్లో గ్రామఫోను పెట్టుకున్నాడు. దాదీమాకు ఆ పెట్టెతో పేచీ లేదు, లేబుల్ మీది కుక్క బొమ్మతోనే. నమాజు గదిలో కుక్కేమిటని కవర్లన్నీ గోడవైపు తిప్పి పెట్టేది. పాట మొదలైతే మాత్రం తమలపాకు నములుతూ అక్కడే కూర్చునేది. 'గానా బజానా హరామ్' అన్న మాట ఆ ఇంట్లో గట్టిగా వినపడింది ఆ తర్వాతే. 1992 తర్వాత బయట మా మీద అనుమానం పెరిగిన కొద్దీ, లోపల మేం ఎంత నికార్సయిన ముసల్మానులమో మాకు మేమే రుజువు చేసుకోవలసి వచ్చింది. బంధువుల్లో ఒకాయన వచ్చి చెప్పిపోయాక మా అబ్బా సగం ప్లేట్లు కబాడీవాడికి తూకానికి వేశాడు. బయటివాడు మా పేరును అనుమానిస్తే మేం మా పాటను అనుమానించాం. ఇందులో ఎవరి తప్పెంతో తూచే తక్కెడ మా దగ్గర లేదు. ప్లేట్లు తూచిన తక్కెడ మాత్రం గుర్తుంది.

అలా పోయినవాటిలో షకీలా బానో భోపాలీ ప్లేట్లున్నాయి. మగవాళ్ళ మెహఫిల్‌లో మధ్యన కూర్చుని, కళ్ళతో, చేతులతో, ఎకసెక్కంతో కవ్వాలీని తన సొత్తు చేసుకున్న ఆడమనిషి. పెద్దలు ఆమెను సంగీతం కింద జమకట్టలేదు. కలెక్టర్లు కూడా ఆమెను ఎల్పీల అలమారాలో పెట్టరు, ఉస్తాదుల సరసన నప్పదట! 1984లో భోపాల్ గ్యాసు ఆమె గొంతును తినేసింది. 2002లో ఆమె పోయింది. ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలిన సాక్షులు ఈ చవక ప్లేట్లు, పాత సినిమా రీళ్ళే. ఇలాంటి ప్లేటు దొరికితే గీతలున్నా కొనండి.

ఇంత చెప్పాక ప్లేటును కూడా అనాలి. అది అందరి గొంతునూ పట్టలేదు. ఉస్తాదును పట్టింది, తవాయిఫ్‌ను పట్టింది, గజల్‌ను, ఫిల్మీ కవ్వాలీని పట్టింది. మొహర్రంలో పీర్ల గుండం చుట్టూ మాదిగలు, గొల్లలు, సాయిబులు కలిసి తిరుగుతూ పాడే తెలుగు పీర్ల పాటలు ఎన్ని ప్లేట్లెక్కాయి? తిరగలి దగ్గర దక్కనీ ఆడవాళ్ళు పాడుకున్న చక్కీనామాలు? దూది ఏకుతూ దూదేకుల తాతలు తీసిన కూనిరాగాలు? కంపెనీకి అమ్ముడుపోయే గొంతు కావాలి. మా ఉర్దూ పెద్దలకు శుద్ధమైన జుబాన్ కావాలి. ఇద్దరికీ పనికిరానివాళ్ళం మేమే ఎక్కువమందిమి. తహజీబ్ అనగానే షేర్వానీ, పాన్‌దాన్ గుర్తొచ్చేవాళ్ళు మా అష్రాఫుల్లోనూ తక్కువేం కాదు. జుమ్మేరాత్ బజార్ కుర్రాడు వాళ్ళకు కూడా 'ఏయ్' గాడే.

అందుకని ప్లేట్లు పోగుచేసేవాళ్ళ మీద మా ఫిర్యాదు వాళ్ళు కొంటున్నారని కాదు. వాళ్ళు కొనకపోతే సగం ప్లేట్లు ఎప్పుడో పొడి అయిపోయేవి. పాత ప్లేటు లక్కతో చేసింది, కిందపడితే పెంకులే. తర్వాతి వినైల్ విరగదు గానీ ఎండకు వంకర తిరుగుతుంది. వాటిని నిలబెట్టిన చేతులకు సలాం. అయితే గీతలు చూసినంత శ్రద్ధగా పేర్లు చదవాలి. సూది ఎంత బరువుండాలో గంటసేపు వాదించుకునేవాళ్ళు, సారంగీ ఎవరు వాయించారు, లేబుల్ మీద ఆ పేరు ఎందుకు లేదు అని ఒక్క నిమిషం అడగొచ్చు.

ఆ రోజు కారాయన బేరం కుదరక వెళ్ళిపోయాడు. మేం ఆ కుర్రాణ్ణి పేరడిగాం. చెప్పాడు. ఇందులో నీకు నచ్చిన ప్లేటేదీ అంటే, తన దగ్గర ప్లేయర్ లేదు, ఏదీ వినలేదన్నాడు. బేగం అఖ్తర్ కొన్నాం. ఆ కుప్ప అడుగున కవరు చిరిగిన ఒక కవ్వాలీ ప్లేటుంది, మీద ఎవరో పెన్నుతో ఉర్దూలో పేరు రాసుకున్నారు. "ఏం రాసుంది సాబ్?" అని అడిగాడు. ఉర్దూ ఇంట్లో మాట్లాడతాడు గానీ బళ్ళో నేర్పలేదట. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి వినిపించాం. వాడు ఆ కవరు పక్కన పెట్టి, ఇది అమ్మను అన్నాడు.