ఉత్తరం బరువు

మా తాతయ్యగారింట్లో వసారా దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. కింద చెక్క బిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ప్రతి కార్డునూ చదివి దానికి గుచ్చేవారు. శిస్తు రసీదులు, ఎరువుల కొట్టు చీటీలు, శుభలేఖలు అన్నీ దానికే. ఏడాది తిరిగేసరికి తీగ కొక్కెం దాకా నిండేది. సంక్రాంతికి బూజులు దులిపే రోజున దాన్ని దించి, అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే చూసేవారు. రసీదులు ట్రంకుపెట్టెలోకి, కొట్టు చీటీలు భోగిమంటలోకి, ఉత్తరాలు మళ్లీ తీగకు.

కిందటి నెల మా అమ్మాయి హాస్టల్ ఫీజు రసీదు మెయిల్ చేస్తే తిరిగి దాని దగ్గరికే వెళ్లిపోయింది. ‘అమ్మా, నీ మెయిల్ నిండిపోయిందట’ అని ఫోన్ చేసింది. హెచ్చరిక వారం రోజులుగా కనిపిస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. పెట్టె నిండాక మనం పంపలేం, మనకు వచ్చేవీ గడప దాటవు. ఆ వారంలో ఇంకెవరెవరి మెయిళ్లు వెనక్కి పోయాయో ఏమో, ఆ బెంగ ఇంకా ఉంది.

ఒకప్పుడు చెరిపేయడం అందరికీ అలవాటే. హాట్‌మెయిల్ ఉచితంగా ఇచ్చే చోటు 2 ఎంబీ, యాహూ ఇచ్చేది 4 ఎంబీ ఉన్న రోజులవి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా ఒక జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. అది నిజమే అయింది, మనకు చెరిపే అలవాటు పోయింది. 2013 నుంచి మెయిల్‌కూ, డ్రైవ్‌కూ, ఫొటోలకూ కలిపి 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫోన్‌లోంచి కొత్తగా వెళ్లి చేరే ఫొటోలన్నీ దాదాపుగా ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఒకే గాదెలో మూడు పంటలు పోస్తున్నాం.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. మొదట చేసిన పని తప్పు. చీరల దుకాణాల ఆఫర్లూ, ఓటీపీలూ నాలుగు వేల దాకా చెరిపాను. కళ్లు లాగాయి గానీ చోటు మాత్రం పెద్దగా రాలేదు. కొన్నింటిని ఆర్కైవ్‌లోకి నెట్టాను. ఆర్కైవ్ అంటే కళ్ల ముందు నుంచి తప్పించడమే, బరువు అక్కడే ఉంటుంది. అలా పాతవాటిలోకి దిగుతుంటే 2009లో నాన్న రాసిన మెయిల్ తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

నాన్న బడిపంతులుగా రిటైరయ్యాక ఇంటర్నెట్ సెంటర్‌లో నేర్చుకున్నారు. లేఖిని అనే వెబ్‌సైట్‌లో తెలుగు టైపు చేసి, దాన్ని తెచ్చి మెయిల్‌లో అతికించేవారు. మెయిల్‌లోనూ పైన ఊరి పేరు, తేదీ, ‘చి.ల.సౌ.’, ‘ఉభయకుశలోపరి’ ఏదీ వదిలేవారు కాదు. లెక్కపెడితే 212 ఉత్తరాలు. ఇవీ తీసేయాల్సి వస్తుందా అని భయమేసి ఒక్కోదాని బరువు చూశాను. కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి మూడు, గుణింతానికి ఇంకో మూడు. అయినా నాన్న ఉత్తరం ఒక్కొక్కటి పది కేబీ దాటలేదు. మొత్తం కలిపితే 2 ఎంబీ. నా ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో 4 ఎంబీ ఉంటుంది.

అప్పుడు తెలిసింది, నేను వెతకాల్సింది పాతవాటిని కాదు, బరువైనవాటిని అని. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే, వెతికే పెట్టెకు కుడి చివర ఒక చిన్న గుర్తు ఉంటుంది. నొక్కితే ఎంత సైజు మించినవి కావాలో అడుగుతుంది. పది ఎంబీ అన్నాను. వరుసగా వచ్చేశాయి. తమ్ముడి పెళ్లి ఫొటోలు, గృహప్రవేశం వీడియో ముక్కలు, ఒకే ఫైలు నలుగురు నాలుగుసార్లు పంపినవి. సగం నేను పంపినవే! పంపిన మెయిల్ కాపీ కూడా మన చోటే తింటుందని అప్పటిదాకా తట్టలేదు. పైగా జతచేసిన ఫైలు మెయిల్‌లో ప్రయాణించడానికి అక్షరాల రూపంలోకి మారాలి, ఆ మార్పులో మూడో వంతు పెరుగుతుంది. పదిహేను ఎంబీ ఫైలు ఇరవై అవుతుంది.

కావలసినవి హార్డ్ డిస్క్‌లోకి దించి, తెరిచి చూసుకుని, ఆ తర్వాతే చెరిపాను. ఈ వరుస మాత్రం తప్పకూడదు. చెత్తబుట్టలోకి వెళ్లినవి 30 రోజులదాకా అక్కడే ఉంటాయి, చోటూ ఆక్రమిస్తాయి. అందుకని బుట్టనూ ఖాళీ చేశాను. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆరు జీబీ ఖాళీ అయింది. డబ్బు కట్టి చోటు కొనుక్కోవడం తప్పని నేననను, కానీ ఏం దాస్తున్నామో ఒక్కసారి చూసుకుని కొనాలి.

వెనక ముప్పై లేబుళ్లు పెట్టి, ఏది ఎందులో వేశానో మర్చిపోయేదాన్ని. ఇప్పుడు మూడే ఉంచాను: పనులు, రసీదులు, తీగ. నాన్న ఉత్తరాలన్నీ తీగలో ఉన్నాయి.

డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. నాన్న తనకు రాసినవన్నీ పాత ఆఫీసు మెయిల్‌లో ఉండేవట. ఉద్యోగం మారినప్పుడు ఆ మెయిల్‌తోపాటే పోయాయి. ఆ రాత్రే నావన్నీ ఐదారు మెయిళ్లకు జతచేసి పంపాను. మర్నాడు మాకు తెల్లవారకముందే ఫోన్.

‘ఏమ్మా, నాన్న నా గురించి నీకు ఇంత రాసేవారా?’