ఈ-పుస్తకంలో పద్యపాదం

తెలుగు ఈ-పుస్తకాల విమర్శ సాధారణంగా అచ్చుతప్పుల వద్ద ఆగిపోతుంది. పంక్తుల అమరికను కేవలం అలంకారంగా భావించడం వాడుక. పద్యకావ్యాల విషయంలో ఈ భావన నిలవదు.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. మొదటి అక్షరానికి పదవ అక్షరంతో యతిమైత్రి. నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరం ప్రాస. పాదారంభం కనబడకపోతే ఈ రెండూ కనబడవు. పాదాంతంలో పదం ముగియాలన్న నియమం తెలుగులో లేదు కనుక, అర్థాన్ని బట్టి పాదాన్ని గుర్తించడమూ సాధ్యం కాదు.

ఈపబ్‌లో పుట స్థిరం కాదు. చదువరి అక్షరాల పరిమాణం పెంచగానే పంక్తులు మారుతాయి. అచ్చుపుటను అనుకరిస్తూ ఖాళీలతో కూర్చిన పద్యంలో కవి విరిచిన చోటు, ఫోను తెర విరిచిన చోటు ఒకేలా కనిపిస్తాయి.

దీనికి పరిష్కారం సులభమే. ప్రతి పాదాన్నీ విడి పేరాగా గుర్తించి, దానికి ఎడమ అంచు పెంచి, తొలి పంక్తిని మాత్రం అంతే మేర వెనక్కి జరపాలి. అప్పుడు తెర విరిచిన మిగులు భాగం లోపలికి ఒదిగి, పాదారంభం స్పష్టంగా నిలుస్తుంది. వత్తులు కింది పంక్తి గుడులను తాకకుండా పంక్తుల ఎడాన్ని అక్షర పరిమాణానికి అనుపాతంగా ఇవ్వాలి.

పాఠాంతరాలను ఎంత శ్రద్ధగా సరిచూసినా, పాదాన్ని పాదంగా నిలపని ప్రతిని సుపరిష్కృతమనలేము.